కారవాన్ ఫ్రిజ్‌ను మార్చే ముందు

పాత కారవాన్ (కారుకు తగిలించి లాగుకెళ్లే చక్రాల ఇల్లు) కొనుక్కున్న మిత్రులు చాలామంది, వేసవిలో ఫ్రిజ్ సరిగా చల్లబడకపోవడంతోనే, కొత్తదానికి ఎంతవుతుందని నన్ను అడుగుతుంటారు. మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో ఉంటూ, ఇరవయ్యేళ్ల నాటి కారవాన్‌తో విక్టోరియా అంతా తిరిగే కుటుంబం మాది. అందులోని గ్యాస్ ఫ్రిజ్‌ను మొదట బాగుచేయించి, ఆ తరువాత మార్చవలసి వచ్చింది కనుక, ఈ రెండు పనుల గురించీ నాకు తెలిసినది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ధర అడగడానికి ముందు, లోపం ఫ్రిజ్‌లో ఉందా, లేక దాని చుట్టూ ఉన్న గాలి, తీగలు, మంట, మట్టం వంటి ఏర్పాట్లలో ఉందా అన్నది తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. చుట్టూ ఉన్న లోపాన్ని సరిచేయకుండా కొత్త ఫ్రిజ్ బిగిస్తే, అది కూడా పాతదానిలాగే ఎండకు చేతులెత్తేస్తుంది.

మా విషయంలో ఇది పాలు, పెరుగు, ఇడ్లీ పిండితో ఆగిపోయే సమస్య కాదు. మా అమ్మ వచ్చినప్పుడల్లా ఆమె ఇన్సులిన్ కూడా మాతో ప్రయాణం చేస్తుంది. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడి తగిలినా పాడవుతుంది, గడ్డకట్టినా పనికిరాదు. అందువల్ల ఫ్రిజ్ తలుపు మీది నాబ్ ఏ అంకె మీద ఉందన్నదానితో సరిపెట్టుకోకుండా, మధ్య అరలో చిన్న థర్మామీటరు పెట్టి చూడటం మాకు అలవాటైంది. ఏ మరమ్మతుకైనా ముందు ఆ థర్మామీటరు కొనమని అందరికీ చెబుతాను, ఎందుకంటే చేసిన పని ఫలించిందో లేదో అది తప్ప మరేదీ నిజం చెప్పదు.

పాత కారవాన్లలో ఎక్కువగా కనిపించే ఈ గ్యాస్ ఫ్రిజ్‌లో ఇంట్లో ఉండే ఫ్రిజ్ మాదిరిగా కంప్రెసర్ ఉండదు. 1922లో స్టాక్‌హోమ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న బాల్ట్‌సార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్‌టెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు రూపొందించిన పద్ధతి మీద అది పనిచేస్తుంది. 1925 నుంచి ఎలక్ట్రోలక్స్ ఆ రకం ఫ్రిజ్‌లను అమ్మింది. వెనుకవైపు పూర్తిగా మూసివేసిన ఉక్కు గొట్టాల్లో అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ ఉంటాయి. అడుగున ఉన్న బాయిలర్‌ను గ్యాస్ మంటతోనో, 230 వోల్టుల కరెంటుతోనో, కారు నుంచి వచ్చే 12 వోల్టులతోనో వేడిచేస్తే, నీటిలో కరిగి ఉన్న అమ్మోనియా ఆవిరై పైకి వెళ్లి, కండెన్సర్ రెక్కల దగ్గర వేడిని వదిలి ద్రవంగా మారి, అక్కడి నుంచి ఫ్రిజ్ లోపలి ఎవాపరేటర్‌లోకి దిగి, హైడ్రోజన్ సమక్షంలో మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఆ పైన కింది చుట్టల్లో నీటితో కలిసి తిరిగి బాయిలర్‌కు చేరుతుంది. ఇందులో తిరిగే భాగం ఒక్కటీ లేదు కాబట్టి చప్పుడు లేదు, అరుగుదల లేదు. అయితే ద్రవం పల్లానికి పారడం మీదే అంతా ఆధారపడి ఉంది కాబట్టి, కారవాన్ ఒరిగి నిలబడితే ఆ పారుదల ఆగిపోతుంది. పాత మోడళ్లు సుమారు 3 డిగ్రీల వాలును, కొత్తవి 6 డిగ్రీల వాలును మాత్రమే భరిస్తాయి. వాలులో గంటల తరబడి నడిపితే బాయిలర్‌లో ద్రవం తగ్గి గొట్టం విపరీతంగా వేడెక్కుతుంది. తుప్పు పట్టకుండా ద్రవంలో కలిపిన సోడియం క్రోమేట్ ఆ వేడికి గడ్డలు కట్టి, లోపలి సన్నని దారిని శాశ్వతంగా మూసేస్తుంది. రసమట్టాన్ని కారవాన్ నేల మీద కాకుండా ఫ్రీజర్ అరలోనే పెట్టి చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అయితే ఎక్కువ ఫ్రిజ్‌లను బలహీనపరిచేది గాలి అందకపోవడమేనని నా అనుభవం చెబుతోంది. ఫ్రిజ్ వెనుక కారవాన్ గోడకు కింద ఒకటి, పైన ఒకటి జాలీలు ఉంటాయి. వంటింటి పొగగొట్టంలో పొగ లేచినట్లే, కింది జాలీ నుంచి వచ్చిన చల్లగాలి వేడెక్కి, కండెన్సర్ రెక్కల మధ్య నుంచి లేచి, పై జాలీ గుండా బయటపడాలి. తయారీ సమయంలోనే చాలామంది ఈ దారిని సరిగా కట్టరు: రెక్కలకూ బయటి గోడకూ మధ్య జానెడు ఖాళీ వదిలేస్తారు, అప్పుడు గాలి రెక్కలను తాకకుండా ఆ ఖాళీలోంచి తప్పించుకుపోతుంది, లేదా పై జాలీ కండెన్సర్ కన్నా దిగువన ఉండి, దాని పైన వేడిగాలి కదలకుండా నిలిచిపోతుంది. మా బండిలో ఈ రెండు లోపాలూ ఉన్నాయి. వంచిన అల్యూమినియం రేకును గోడకు బిగించి, గాలి రెక్కల మధ్య నుంచే పోక తప్పని విధంగా దారిని ఇరుకు చేశాను. ఫ్రిజ్ పైభాగంలో మరొక రేకును ఏటవాలుగా అమర్చి వేడిగాలిని జాలీ వైపు మళ్లించాను. కండెన్సర్ కింద రెండు చిన్న 12 వోల్టుల ఫ్యాన్లు పెట్టి, వేడి పెరిగినప్పుడు మాత్రమే తిరిగేలా వాటికి థర్మల్ స్విచ్ కలిపాను. అంతకుముందు మిల్డూరాలో 38 డిగ్రీల ఎండకు మధ్య అరలో 14 డిగ్రీలు చూపించిన థర్మామీటరు, ఆ తరువాత అటువంటి ఎండలోనే 7 దగ్గర నిలిచింది. ఫ్రిజ్‌లోని ఒక్క భాగాన్ని కూడా ముట్టుకోకుండా వచ్చిన మార్పు ఇది.

ఫ్రిజ్ లోపల అతికించిన రేటింగు చీటీ మీద ఉండే అక్షరాలను కూడా చదవాలి. అక్కడ ఎన్ అని ఉంటే ఆ ఫ్రిజ్‌ను 32 డిగ్రీల వరకు ఉండే వాతావరణానికి, ఎస్‌టీ అని ఉంటే 38 వరకు, టీ అని ఉంటే 43 వరకు తయారుచేశారని అర్థం. ఐరోపా నుంచి దిగుమతైన పాత కారవాన్‌లో ఎన్ తరగతి ఫ్రిజ్ ఉంటే, మర్రే నది ఒడ్డున జనవరి ఎండలో అది ఓడిపోవడం దాని తప్పు కాదు. అలాగే బండిని నిలిపేటప్పుడు ఫ్రిజ్ ఉన్న పక్క దక్షిణానికి వచ్చేలా చూసుకోవాలి. మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన ఉండే ఊళ్లలో పెరిగిన మనకు ఇక్కడ అది ఉత్తరాన ఉంటుందన్న సంగతి ఎంతకీ అలవాటు కాదు.

కరెంటు విషయం చిన్నదే. మల్టీమీటరు ఉంటే, కరెంటుతో బాయిలర్‌ను వేడిచేసే ఎలిమెంట్లను కొద్ది నిమిషాల్లో పరీక్షించవచ్చు, అయితే ముందుగా 230 వోల్టుల ప్లగ్గును, 12 వోల్టుల కనెక్షన్‌ను రెండింటినీ తీసివేసి ఉండాలి. 12 వోల్టుల వద్ద 120 వాట్లు తీసుకునే ఎలిమెంటుకు 1.2 ఓములు, 230 వోల్టుల వద్ద 125 వాట్లు తీసుకునే ఎలిమెంటుకు సుమారు 420 ఓములు చూపాలి. మీటరులో అసలు కదలిక లేకపోతే ఎలిమెంటు తెగినట్లే. 12 వోల్టుల మీద మాత్రమే బలహీనంగా ఉంటే, ఎలిమెంటు కన్నా తీగలను అనుమానించాలి. కారు నుంచి ఫ్రిజ్ దాకా వచ్చేసరికి 12 వోల్టులు పదిన్నరకు పడిపోతే, ఆ 120 వాట్ల ఎలిమెంటు 92 వాట్లకు మించి వేడినివ్వదు. తలుపు రబ్బరు పట్టీకి ఒక కాగితం ముక్క చాలు: తలుపు వేసి లాగినప్పుడు తేలికగా జారివస్తే పట్టీ మార్చాలి.

గ్యాస్ పని మాత్రం మనం చేయకూడదు. ఆస్ట్రేలియాలో కారవాన్ గ్యాస్ కనెక్షన్‌ను విప్పడానికైనా, బిగించడానికైనా లైసెన్స్ ఉన్న గ్యాస్ ఫిట్టర్ ఉండాలన్నది చట్టం, మంచి చట్టం. మా బండికి వచ్చిన ఫిట్టర్ పెద్దాయన; అడిగినదానికల్లా ఓపికగా బదులిస్తూ, నన్ను పక్కనే నిలబెట్టుకొని పనిచేశారు. బర్నర్ మూత తీయగానే లోపల తెల్లని సాలెగూడు, దాని మీద పైనున్న పొగగొట్టం నుంచి రాలిన తుప్పు పొరలు కనిపించాయి. బర్నర్ చీలికల్లో సగం ఆ తుప్పుతోనే పూడుకుపోయి, మంట ఒక పక్కకు ఒరిగి పసుపుపచ్చగా వెలుగుతోంది. పొగగొట్టంలో తీగకు వేలాడే మెలితిరిగిన రేకు ఒకటి ఉంటుంది. వేడి బాయిలర్‌కు పట్టేలా ఆపడం దాని పని. దాన్ని పైకి లాగి, గొట్టాన్ని సన్నని బ్రష్‌తో తోమితే మసి దోసెడు రాలింది. బర్నర్‌లోకి గ్యాస్‌ను వదిలే జెట్‌కు ఉండే రంధ్రం వెంట్రుకంత సన్నగా ఉంటుంది. దానిలో పిన్ను గుచ్చితే రంధ్రం పెద్దదై మంట పాడవుతుంది కనుక, దాన్ని స్పిరిట్‌లో నానబెట్టి, గాలి ఊది ఆరబెట్టారు. అంతా తిరిగి బిగించి, సబ్బునీటితో లీకులు పరీక్షించి వెలిగిస్తే, మంట పొట్టిగా, నీలంగా, నిటారుగా నిలబడింది. నాబ్ వదలగానే మంట ఆరిపోయే ఫ్రిజ్‌లకు ఎక్కువగా చెడేది థర్మోకపుల్, అంటే మంట వేడిని పసిగట్టి గ్యాస్ దారిని తెరిచి ఉంచే చిన్న కడ్డీ. అది చవకైన భాగం, దాని కోసం ఫ్రిజ్ మార్చనక్కరలేదు.

ఈ మరమ్మతులతో మా ఫ్రిజ్ మరికొన్ని వేసవులు చక్కగా నడిచింది. ఆ తరువాత ఒక ఉదయం తలుపు తెరిస్తే అమ్మోనియా ఘాటు ముక్కుకు తగిలింది. వెనుక జాలీ తీసి చూస్తే బాయిలర్ దగ్గరి అతుకు చుట్టూ పసుపు పొడి పేరుకొని ఉంది. ఆ పసుపు సోడియం క్రోమేట్. అది బయట కనిపించిందంటే గొట్టం చిల్లుపడిందని అర్థం. అటువంటప్పుడు వెంటనే గ్యాస్, కరెంటు రెండూ ఆపేసి, తలుపులు, కిటికీలు తెరవాలి. బయటపడేది అమ్మోనియా ఒక్కటే కాదు, మండే హైడ్రోజన్ కూడా. ఆ పొడి విషపదార్థం కాబట్టి చేత్తో తాకకూడదు. ఫ్రిజ్‌ను ఒక రోజంతా తలకిందులుగా ఉంచితే బాగుపడుతుందని కొందరు చెబుతారు. చాలాకాలం వాడక ద్రవం ఎక్కడో నిలిచిపోయిన ఫ్రిజ్‌లకు అది ఒక్కొక్కసారి పనిచేస్తుంది గాని, చిల్లుపడినదానికి ఏమాత్రం పనిచేయదు. వెనుకనున్న కూలింగ్ యూనిట్‌ను మాత్రమే మార్చే వర్క్‌షాపులు ఉన్నాయి. క్యాబినెట్, తలుపు గట్టిగా ఉన్నవారు తప్పక ధర అడిగి చూడాలి. మా ఫ్రిజ్‌కు లోపలి ప్లాస్టిక్ కూడా బీటలు వారింది కనుక ఆ దారి వదిలేశాము.

ఏది కొనాలన్నది ఎవరు ఎక్కడ విడిది చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. దట్టమైన చెట్ల నీడలో, కరెంటు లేని చోట వారాల తరబడి ఉండేవారికి ఇప్పటికీ గ్యాస్ ఫ్రిజ్‌కు సాటి లేదు. మధ్యరకం ఫ్రిజ్ రోజుకు సుమారు 300 గ్రాముల గ్యాస్‌తో నడుస్తుంది, 9 కిలోల సిలిండరు ఇంచుమించు నెల వస్తుంది. మేము ఎక్కువగా కరెంటు ఉన్న పార్కుల్లో దిగుతాము, మధ్యలో ఒకటి రెండు రాత్రులు మాత్రమే కరెంటు లేని చోట ఉంటాము, ఎండ తీవ్రంగా ఉండే ప్రాంతాలకే వెళుతుంటాము. అందుచేత 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ తీసుకున్నాము. ఎండ ఎంతున్నా అది 4 డిగ్రీలను వదలదు, వాలును పట్టించుకోదు. పాతది 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు ఆపకుండా తాగేది కాబట్టి కారు నడుస్తున్నంతసేపు మాత్రమే దాన్ని అలా వాడగలిగేవాళ్లం. కొత్తది 4, 5 ఆంపియర్లు తీసుకుంటూ మధ్యమధ్య ఆగుతుంది గనుక, రోజుకు 40, 50 ఆంపియర్ అవర్లతో (ఒక ఆంపియరు గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్) సరిపెట్టుకుంటుంది.

ఆ 50 ఆంపియర్ అవర్లను సమకూర్చడమే అసలు ఖర్చు, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. 100 ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీలో సగం మాత్రమే వాడుకోగలం. అంతే పరిమాణం గల లిథియం బ్యాటరీలో 80కి పైగా వాడుకోవచ్చు, బరువు కూడా సగం కన్నా తక్కువ. 200 వాట్ల సోలార్ ప్యానెల్ విక్టోరియా వేసవిలో రోజుకు 60 ఆంపియర్ అవర్లకు అటూఇటూగా ఇస్తుంది, శీతాకాలంలో అందులో మూడో వంతుకు పడిపోతుంది. లిథియం బ్యాటరీని ఎక్కడ పెట్టాలన్నదానికీ నియమం ఉంది: ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఉమ్మడి ప్రమాణమైన 2022 నాటి ఏఎస్/ఎన్‌జడ్‌ఎస్ 3001.2 ప్రకారం, అది మనుషులు పడుకునే చోటి గాలితో కలవకుండా, బయటికి మాత్రమే గాలి పోయే అరలో ఉండాలి. తీగల దగ్గర మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడి దుకాణాల్లో 6 ఎంఎం ఆటో కేబుల్ అని అమ్మేదానిలో ఆ 6 అన్నది పై తొడుగుతో కలిపిన మందం. లోపలి రాగి 4.6 చదరపు మిల్లీమీటర్లకు మించదు. కొనేటప్పుడు చదరపు మిల్లీమీటర్ల లెక్కనే అడగాలి, ఎందుకంటే సన్నని తీగలో వోల్టేజీ పడిపోతే, బ్యాటరీ నిండుగా ఉన్నా కంప్రెసర్ దాన్ని ఖాళీ బ్యాటరీ అనుకొని ఆగిపోతుంది.

బిగింపులో కష్టపెట్టినది లోతు. ముందువైపు కొలతలు సరిపోయినా, వెనుక కింది భాగంలో చక్రం మీది గూడు అడ్డువచ్చే బండ్లు చాలా ఉన్నాయి. పాత ఫ్రిజ్ బయటికి తీసి కొలిచేదాకా కొత్తదానికి డబ్బు కట్టకూడదు. మిగిలిపోయిన గ్యాస్ గొట్టాన్ని అదే ఫిట్టర్ చేత మూయించి, సర్టిఫికెట్ తీసుకున్నాము. నేను చేసిన రేకులు, జాలీలు మాత్రం అలాగే ఉంచాను, ఎందుకంటే కంప్రెసర్ కూడా వేడి వదలడానికి గాలినే కోరుతుంది. ఇన్సులిన్ ఇప్పుడు లోపల చల్లదనాన్నిచ్చే వెనుక ప్లేటుకు దూరంగా, మధ్య అరలో, దాని పెట్టెలోనే ఉంటుంది. ఈ ఫ్రిజ్‌లో ఆ ప్లేటుకు ఆనించిన వస్తువు గడ్డకట్టే ప్రమాదం పాతదానిలో కన్నా ఎక్కువ.

పాత ఫ్రిజ్‌ను ఇంటి ముందు చెత్తతో పాటు పెట్టకూడదు, గొట్టాలు కోసి ఇనుము కింద అమ్మకూడదు. చిల్లుపడిన యూనిట్‌లోనూ అమ్మోనియా, క్రోమేట్ మిగిలి ఉంటాయి. కౌన్సిల్ నడిపే చెత్త సేకరణ కేంద్రానికి ముందుగా ఫోన్ చేసి, ఇది అమ్మోనియా ఫ్రిజ్ అనీ, లీకవుతోందనీ స్పష్టంగా చెబితే, ఎలా తీసుకురావాలో, ఎక్కడ దించాలో వారే చెబుతారు.