మూడు పాయలు, రెండు వారధులు, ఒక పంటు

రాజమండ్రి స్టేషన్ బయట తెల్లవారుజామున ఒక ఆటో అతను "కోటిపల్లి బస్టాండ్, కోటిపల్లి బస్టాండ్" అని అరుస్తుంటే గబగబా ఎక్కి కూర్చున్నాను. కోటిపల్లి అంటే గౌతమి ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ రేవు దాటితే ముక్తేశ్వరం, అటునుంచి అమలాపురం. ఇంత తేలికా అనుకున్నాను. కాసేపటికే ఆపేసి "దిగండమ్మా, వచ్చేశాం" అన్నాడు. కోటిపల్లి బస్టాండు రాజమండ్రిలోనే ఒక సెంటరట! గోకవరం బస్టాండూ అంతేనట. నా మొహం చూసి అతనికే జాలేసి, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర దింపాడు.

కోనసీమ చూడాలంటే కారు మాట్లాడుకోమని ఇంట్లో అందరూ చెప్పారు. నేనే వినలేదు. రాత్రికి నర్సాపురంలో హైదరాబాదు రైలెక్కాలి. ఈలోపు చేతిలో ఒక పగలు ఉంది, దాటాల్సిన పాయలు మూడున్నాయి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠలోంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు వచ్చి కోనసీమ పచ్చబడింది గానీ, ఊరి నుంచి ఊరికి వెళ్లాలంటే ఇప్పటికీ ముందు అడగాల్సింది ఏటి సంగతే.

అమలాపురం బస్సు కిటకిటలాడుతోంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రా ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, కండక్టరు ఆధార్ అడిగాడు. చూపించాను. "హైదరాబాదాండీ? అయితే టికెట్టు కొట్టాలండి" అన్నాడు. పక్కసీటు పెద్దావిడ నవ్వేసింది. "మీకు అక్కడ ఫ్రీయే కదమ్మా, ఇక్కడ కూడానా!" ఆ తర్వాత అసలు ప్రశ్న వేసింది.

"ఎవరింటికమ్మా?"

"ఎవరింటికీ కాదండి. ఊరికే చూద్దామని."

"బస్సుల్లోనా?"

ఈ ప్రశ్న సాయంత్రందాకా నన్ను వదల్లేదు. చుట్టాలు లేకుండా కోనసీమకు వచ్చినదాన్ని అనుమానంగా కాదు, జాలిగా చూశారు. జొన్నాడ వారధి మీద గౌతమి దాటుతుంటే ఆవిడ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. నేను ఫోటో తీసుకున్నాను. రావులపాలెంలో అరటి గెలల లారీలు అడ్డంపడి బస్సు చాలాసేపు కదల్లేదు. ఎదురుగా ఆత్రేయపురం పూతరేకుల కొట్టు. దిగి కొనే ధైర్యం మాత్రం లేకపోయింది.

అమలాపురానికి రైలు లేదు. రెండో ప్రపంచయుద్ధకాలంలో పట్టాలు పీకేసిన కాకినాడ-కోటిపల్లి లైనును 2004లో మళ్లీ వేశారు. దాన్ని అమలాపురం మీదుగా నర్సాపురం దాకా పొడిగించే పని ఏళ్ల తరబడి నడుస్తోంది. హోటల్లో పనసాకు బుట్టలో ఉడికిన ఇడ్లీ, అదే పొట్టిక్క, నా ముందు పెడుతూ హోటలాయన అన్నాడు: "రైలు మా మనవలు ఎక్కుతారులెండి."

రాజోలు బస్సు ఎప్పుడో అడిగితే "వచ్చేస్తాదండి" అన్నారు. అడిగిన ప్రతివాళ్లదీ అదే మాట. ముప్పావుగంట తర్వాత నిజంగానే వచ్చింది. బోడసకుర్రు వారధి మీద వైనతేయ దాటితే పాశర్లపూడి. 1995లో అక్కడ గ్యాస్ బావి పేలి 65 రోజులు మండింది. ఆ మంటకి రాత్రుళ్లు ఊళ్లో దీపం అక్కర్లేకపోయిందని వెనకసీటాయన చెప్పాడు. నేను ఇంకా ఏదో అడిగేలోపు తన ఊరొచ్చి దిగిపోయాడు.

రాజోలు నుంచి రెండు దార్లు. దిండి మీదుగా చించినాడ వారధి దాటి పాలకొల్లు వైపు వెళ్లొచ్చు, లేదంటే సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పడవ, ఎక్కొచ్చు. ఫోన్ మ్యాప్ వారధి వైపే లాగుతోంది. నేను అంతర్వేది బస్సెక్కి సఖినేటిపల్లిలో దిగాను. ఆ బస్సులోనే ఉండిపోతే నరసింహస్వామి దర్శనం కూడా అయ్యేది. రైలు పోతుందన్న టెన్షన్ ఆపేసింది.

రేవులో నిలబడితే వసిష్ఠకు అవతల నర్సాపురం కనిపిస్తూనే ఉంది, పంటు మాత్రం ఆ గట్టునే ఉంది. ఇక్కడ టైము రాసిన బోర్డు కోసం వెతికి లాభం లేదు. పంటు నిండితే కదులుతుంది, అంతే. చివరికి వచ్చింది. ముందు అటువాళ్లు దిగాలి. బైకులు, ఒక ట్రాలీ ఆటో, యూనిఫారం పిల్లలు, తలమీద తట్టతో ఒకామె. ఆ తర్వాత మేం ఎక్కాం. ఒక కారు ఎక్కుతుంటే అందరూ తలో సలహా ఇచ్చారు: "ఎడంకి కొట్టండి... ఇంకాస్త... ఆగండాగండి!" ఇంజను దడదడలాడింది, గట్టు వెనక్కి జరిగింది. ఉప్పు వాసన. సముద్రం ఎంతో దూరం లేదు. బైకు దిగకుండానే ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. పొద్దున్నుంచి బస్సుల్లో నలిగిన వీపు ఆ కాస్త గాలికి తేరుకుంది. ఇంకోసారి అటూ ఇటూ తిరుగుదామా అనిపించింది కూడా.

నర్సాపురం రేవు నుంచి స్టేషనుకి ఆటో. రైలుకి ఇంకా గంటకు పైగా టైముంది. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి వెళ్లి చూశాను. ఏటికి ఇవతలే పట్టాలు ఆగిపోయాయి.