సీతాఫలాల గంప, నా హాఫ్ క్లచ్చు

మలక్‌పేటలో మేమున్న వీధి చివర ఒక డ్రైవింగ్ స్కూలు ఉండేది. 2003 సెప్టెంబరులో, పద్దెనిమిదేళ్ళు నిండి లెర్నింగ్ లైసెన్సు చేతికి వచ్చిన వారానికే నేను అందులో చేరాను. పొద్దున్నే ఆరు గంటలకు, రోజుకు అరగంట చొప్పున పదిహేను రోజుల శిక్షణ. టీవీ టవర్ మీదుగా మూసారాంబాగ్ వంతెన దాటి అంబర్‌పేట వైపు వెళ్ళి, అక్కడ బండి తిప్పుకుని మళ్ళీ అదే దారిన రావడం. పాల ప్యాకెట్లవాళ్ళు, పేపరు కుర్రాళ్ళు తప్ప రోడ్డు మీద ఆ వేళకు ఎవరూ ఉండేవారు కాదు. చివరి రోజున మా మాస్టారు "చెయ్యి కుదిరింది, ఇంక భయం లేదు" అన్నారు. ఆయన అన్నది చెయ్యి గురించి మాత్రమేననీ, కాళ్ళ ఊసు ఎత్తలేదనీ నాకప్పుడు తట్టలేదు.

డ్రైవింగ్ స్కూలు కార్లలో మాస్టారు కూర్చునే వైపు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. అవి మన వైపు పెడళ్ళకు కలిపి ఉంటాయి కనుక, ఆయన అటు తొక్కితే ఇటు మన కాలి కింది పెడల్ దానంతటదే దిగుతుంది. అలా దిగడం నేను గమనించకపోలేదు. గమనించి కూడా, అది నా కాలికి అబ్బిన నేర్పు అనుకున్నాను. స్పీడ్ బ్రేకర్ రాగానే కారు పద్ధతిగా నెమ్మదించేది, గేరు మార్చబోతే క్లచ్చు సమయానికి లోపలికి పోయేది, ఇంజను ఒక్కసారి కూడా ఆగేది కాదు. ఆ పదిహేను రోజులూ నేను నేర్చుకున్నది స్టీరింగు తిప్పడం, హారన్ కొట్టడం. తక్కినదంతా ఆ పెద్దమనిషి కాళ్ళు చేసిపెట్టాయి.

మా ఇంట్లో ఉన్నది సెకండ్ హ్యాండులో కొన్న తెల్ల మారుతీ 800. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజను. బండి చిన్నదే అయినా నాన్న దాన్ని ఏనుగును చూసుకున్నట్టు చూసుకునేవారు. దసరా రోజున దానికి బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమలు పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. వాటిని తొక్కిస్తూ బండిని ముందుకు తీసే గౌరవం ఆ ఏడు నాకు దక్కింది. వీధిలో అందరూ చూస్తుండగా పది అడుగులు నడిపి ఆపాను. సమతలంగా ఉన్న చోట పది అడుగులు ఎవరైనా నడుపుతారు.

దసరా వెళ్ళిన వారం, నాయనమ్మ బిర్లా మందిరానికి పోదామంది. నేను నడుపుతానన్నాను. లైసెన్సున్నవాడు పక్కన ఉంటే చాలు గదా అని నాన్న ఒప్పుకున్నారు. తెల్ల అట్టల మీద ఎర్రగా ఎల్ అక్షరం రాసి ముందూ వెనకా కట్టాం. నాయనమ్మ వెనక సీట్లో చెప్పులు విడిచి, కాళ్ళు ముడుచుకుని, రైలు ప్రయాణానికి కూర్చున్నట్టు కూర్చుంది. చాదర్‌ఘాట్, కోఠి, ఆబిడ్స్ దాటేంతవరకు రెండు మూడుసార్లు ఇంజను ఆగిపోయినా, తిట్లు తినేంత ఘనకార్యమేమీ జరగలేదు.

గుడి ఉన్నది నౌబత్ పహాడ్ అనే గుట్ట మీద, 280 అడుగుల ఎత్తున. పైకి పోయే రోడ్డు సగం ఎక్కాక మా ముందున్న ఆటో జనాన్ని దింపడానికి ఆగింది, నేనూ ఆగాను. ఆటో కదిలింది. నేను బ్రేకు మీది కాలు తీసి ఎక్స్‌లేటర్ మీద పెట్టేలోగా కారు వెనక్కి జారింది. భయపడి బ్రేకు తొక్కితే ఇంజను ఆగింది. మూడుసార్లు ఇదే తంతు. వెనక హారన్లు మొదలయ్యాయి. నాలుగోసారి, ఇక ఇంజనును ఆగనివ్వకూడదనే పంతంతో క్లచ్చును అడుగంటా తొక్కి పట్టి, ఎక్స్‌లేటర్ కూడా అంతే బలంగా తొక్కాను. క్లచ్చు పూర్తిగా తొక్కితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుందని పుస్తకంలో చదివినవాణ్ణే. మా మారుతీ విమానంలా అరుస్తూ వెనక్కి పోసాగింది.

"అగో, బండి ఎనకకు పోతుంది గదరా బిడ్డా," అంది నాయనమ్మ, ఏదో నాకు తెలియని కబురు చెబుతున్నట్టు. నాన్న హ్యాండ్ బ్రేకు లాగారు. దాని తీగ ఎన్నాళ్ళనుంచో సాగిపోయి ఉంది కనుక బండి వేగం తగ్గిందే గాని ఆగలేదు. ఆయన రెండో చెయ్యి హారన్ మీద పడి అక్కడే ఉండిపోయింది. ధ్యానానికి భంగం కలగకూడదని ఆ గుడిలో గంటలే కట్టలేదంటారు. ఆ కొరతను ఆ రోజు మేము తీర్చాం. ఆటో డ్రైవరొకతను పరుగున వచ్చి ఒక బండరాయిని వెనక చక్రం కింద పెడితే కారు నిలిచింది. కాని అప్పటికే బంపరు రోడ్డు పక్కనున్న సీతాఫలాల గంప మీదికి ఎక్కింది. ఆ పండ్లమ్మే ముసలమ్మ అదృష్టవశాత్తూ అవతలి గట్టు మీద చిల్లర మార్చుకుంటోంది.

మాగిన సీతాఫలం నలిగితే చప్పుడు రాదు. దిగి చూస్తే గంప ఒక పక్కకు ఒరిగి ఉంది. తెల్లటి గుజ్జు నంబరు ప్లేటు మీంచి ధారగా కారుతోంది, ఏపీ 09 తరువాతి అంకెల మధ్య నల్లగింజలు బొట్లు పెట్టినట్టు అతుక్కున్నాయి. ఎల్ బోర్డు తాడు తెగి ఆ గుజ్జులో బోర్లా పడింది. ముసలమ్మ వచ్చి గంపను, బోర్డును, నన్ను వరసగా చూసి, "బాలానగర్ పండ్లు బిడ్డా, పొద్దుగాల్నే దెచ్చిన," అంది. ఆమె చెప్పింది ఫ్యాక్టరీల బాలానగర్ గురించి కాదు, పాలమూరు జిల్లాలో సీతాఫలాలకు పేరుపడ్డ బాలానగర్ గురించి. నాన్న బేరమాడకుండా గంప మొత్తానికి డబ్బిచ్చారు. వెళ్ళబోతుంటే ఆమె మా దారికి అడ్డం వచ్చి, "పైసలిచ్చి పండ్లు ఇడిచిపోతరా?" అని నలగనివన్నీ ఏరి నాయనమ్మ ఒడిలో పోసింది. నేను వెనక సీట్లోకి మారాను. చుట్టూ చేరిన జనంలో మా కాలేజీ వాళ్ళు ఇద్దరున్నారని సోమవారం నాడు తెలిసింది.

హ్యాండ్ బ్రేకు తీగ మార్పించాక, తరువాతి ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి నాన్న నన్ను నిద్రలేపారు. డిక్కీలో ఒక రాయి పెట్టుకుని అదే గుట్టకు బయలుదేరాం. హ్యాండ్ బ్రేకు పట్టి ఉంచి, క్లచ్చును కొద్దికొద్దిగా వదులుతూ చెవి ఇంజను మీద పెట్టమన్నారు. ఒకచోట ఇంజను గొంతు బరువెక్కుతుంది, బానెట్ ముక్కు వెంట్రుకవాసి పైకి లేస్తుంది. కాలు అక్కడ నిలిపి, అప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలితే బండి వెనక్కి జారదు. హాఫ్ క్లచ్చు అనే ఆ ఒక్క చోటును నా ఎడమ పాదం కనిపెట్టడానికి గంటకు పైగా పట్టింది. రాయి రెండుసార్లు పనికివచ్చింది.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ అరుగు మీద కూర్చుని, మిగిలిన సీతాఫలాల్లో ఆఖరిదాన్ని తింటూ గింజలు దోసిట్లో ఊస్తోంది. కారును ముందునుంచి వెనకదాకా ఒకసారి చూసి అంది: "దసరకు ముంగటికి పోవుడే తొక్కిస్తిమి. ఎనకకు కూడ నాలుగు నిమ్మకాయలు పెట్టాల్సుండె."