పాత జిప్సీలో గేరు మార్చగానే టంగుమనే చప్పుడు: ఎలా పట్టుకున్నానంటే

రివర్స్ వేసి క్లచ్ వదలగానే కింద ఎక్కడో టంగుమంటుంది. ఫస్ట్ వేస్తే మళ్లీ అదే. బండి మారుతి జిప్సీ కింగ్, 1.3 లీటర్ల పెట్రోల్. ఈ చప్పుడు వినగానే చాలామంది డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకూ బలాన్ని పంచే గేర్ల పెట్టె) పోయిందని దాని క్రౌన్ పినియన్ గేర్లు విప్పించేస్తారు. నా లెక్కలో అది ఆఖరి పని. జిప్సీలో గేర్‌బాక్స్ వేరు, దాని నుంచి వచ్చే బలాన్ని ముందు వెనక యాక్సిల్‌లకు పంపే ట్రాన్స్‌ఫర్ కేస్ వేరు. ఆ రెంటినీ కలిపేది ఒక పొట్టి షాఫ్టు. ముందు యాక్సిల్‌కొకటి, వెనక యాక్సిల్‌కొకటి ఇంకో రెండు. మొత్తం మూడు షాఫ్టులు, రెండు చివరలా ఒక్కొక్కటి చొప్పున ఆరు క్రాస్‌లు (షాఫ్టు కోణం మారినా తిరగనిచ్చే కీళ్లు, ఒక్కోదానికి నాలుగు కప్పులు). ఒక్కోదాంట్లో కాస్త కాస్త ప్లే (వదులు) ఉన్నా అన్నీ కలిసి ఒకే దెబ్బగా వినిపిస్తాయి.

ముందు చప్పుడు సరిగ్గా ఎప్పుడొస్తోందో చూశాను. క్లచ్ పూర్తిగా తొక్కి గేరు వేసేటప్పుడే కరకరమంటే క్లచ్ సరిగా విడవడం లేదన్నమాట, కేబుల్ చూసుకోవాలి. గేరు మెత్తగా పడి, క్లచ్ పైకొచ్చేటప్పుడు దెబ్బ పడితే ప్లే గేర్‌బాక్స్ తర్వాత ఉన్నట్టు. ఇక్కడ రెండోదే. ముందు చక్రాలను యాక్సిల్‌తో కలిపే, విడదీసే ఫ్రీ వీల్ హబ్‌లు రెండూ విడిచేసి 2హెచ్‌లో (వెనక చక్రాలకే బలం వెళ్లే గేరు) నడిపినా చప్పుడు తగ్గలేదు. హబ్‌లు విడిస్తే ఆ గేరులో ముందు షాఫ్టు తిరగదు కాబట్టి ముందు భాగం అనుమానం తీరిపోయింది.

చదునైన చోట నాలుగు టైర్లకూ రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి కిందికి దూరాలి. క్రాస్‌కి అటొక చెయ్యి ఇటొక చెయ్యి వేసి ఎదురెదురుగా తిప్పి చూడాలి. మంచి క్రాస్‌లో చేతికి ఏ కదలికా తెలియకూడదు. వెనక షాఫ్టు గట్టిగానే ఉంది. దాని స్ప్లైన్‌ని (షాఫ్టు పొడవు మారేలా ఒకదాంట్లో ఒకటి జారే పళ్ల భాగం) పైకీ కిందికీ ఊపినా పెద్దగా ఆడలేదు. పొట్టి షాఫ్టు దగ్గరికొచ్చేసరికి, వెనక క్రాస్ కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి కనిపించింది. గ్రీజు ఎండి సూదుల్లాంటి బేరింగులు ఒరుసుకుంటే వచ్చే పొడి అది. క్రాస్‌కున్న గ్రీజు నిపుల్‌కి గ్రీజు గన్ పెట్టి కొడితే మూడు కప్పుల నుంచి గ్రీజు బయటికొచ్చింది, నాలుగోది పొడిగానే ఉండిపోయింది. అరిగింది అదే.

క్రాస్ ఒక్కటే మారిస్తే మళ్లీ పోతుంది. అది ఎందుకు పోయిందో తెలియాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ మూడు రబ్బరు మౌంటింగుల మీద వేలాడుతుంది. షాఫ్టు పొట్టిది కాబట్టి కేస్ కాస్త కుంగినా దాని కోణం బాగా మారిపోతుంది, ఆ భారమంతా క్రాస్ మీదే పడుతుంది. ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, హ్యాండ్ బ్రేకూ ఫుట్ బ్రేకూ రెండూ పట్టించి, ఐడిల్‌లో ఫస్టూ రివర్సూ మార్చి మార్చి క్లచ్‌ని పట్టుకునేంత వరకే వదలమన్నాను. నేను పక్క నుంచి టార్చితో చూశాను (ఈ పరీక్షలో బండి కిందా, ముందూ, వెనకా ఎవరూ ఉండకూడదు). కేస్ ఒకవైపు లేచి ఠక్కున కూర్చుంటోంది. ఆయిల్ కారి తడిసిన రబ్బరు ఉబ్బి, లోహం నుంచి ఊడిపోయింది.

ఇంకా అనుమానముంటే ఒక మంచి పద్ధతి ఉంది. వెనక షాఫ్టు విప్పేసి, హబ్‌లు లాక్ చేసి, 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ బలం పంపే గేరు) ముందు చక్రాలతోనే కొంతదూరం నడపాలి. చప్పుడు పోతే తప్పు వెనక షాఫ్టులోనో వెనక డిఫరెన్షియల్‌లోనో ఉంది. పోకపోతే అంతకు ముందే ఉంది. రెండు చివరలా ఫ్లాంజీలే (బోల్టులతో బిగించే పళ్లేలు) కాబట్టి షాఫ్టు తీసినా ఆయిల్ కారదు. కానీ షాఫ్టు తీశాక 2హెచ్‌లో గేరు వేసి నిలిపినా బండి ఆగదు, రాళ్లు పెట్టాల్సిందే.

విప్పేముందు ఫ్లాంజీలకూ స్ప్లైన్‌కూ సుద్దతో కాదు, సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టాలి. స్ప్లైన్ ఒక్క పన్ను తప్పి ఎక్కినా రెండు క్రాస్‌ల వరస తప్పి బండి వణుకుతుంది. కొత్త కప్పులు వైస్‌లో నొక్కేటప్పుడు కప్పు బయటికి రాకుండా పట్టే సర్‌క్లిప్ గాడిలో కూర్చోకపోతే కొట్టొద్దు. లోపల ఒక సూది అడ్డంగా పడి ఉంటుంది. కప్పు తీసి, సూదుల్ని గ్రీజుతో గోడకు అంటించి మళ్లీ పెట్టాలి. మౌంటింగులు మూడూ ఒకేసారి మార్చాలి. కొత్త రబ్బరు పక్కన పాతది ఉంటే కేస్ వంకరగా నిలబడుతుంది.

ఇవి మార్చాక దెబ్బ పోయింది, చిన్న టిక్కు మిగిలింది. పాత డిఫరెన్షియల్‌లో సైడ్ గేర్ల వాషర్లు అరిగితే అంతమాత్రం వస్తుంది. ఏడుపులాంటి కూత లేనంతవరకూ దాన్ని కదపను. కమాన్ పట్టీలకు యాక్సిల్‌ని బిగించే యూ బోల్టులు మాత్రం బిగించి చూశాను. అవి వదులైతే యాక్సిల్ తిరగబోయి ఇదే చప్పుడు చేస్తుంది, పట్టీ కింద మెరిసే గీత దానికి గుర్తు.

తారు రోడ్డు మీద 4హెచ్‌లో మలుపులు తిప్పి, 2హెచ్‌కి మార్చగానే వచ్చే దెబ్బ వేరే సంగతి. ముందు వెనక యాక్సిల్‌ల మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి ముందు వెనక షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి. నాలుగు టైర్లు ఒకే సైజువి, సమానంగా అరిగినవి లేకపోయినా ఇదే జరుగుతుంది. లివర్‌ని బలవంతంగా లాగకుండా నేరుగా కొన్ని మీటర్లు రివర్స్ చేస్తే మెలి వదిలి లివర్ తేలిగ్గా వచ్చేస్తుంది.