కమిట్ అనే ఒక్క మాట దగ్గర

నిన్న సాయంత్రం డ్యూటీ దిగి బట్టలు మార్చుకుంటుంటే మెయిల్ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రి నన్ను స్టాఫ్ నర్సుగా తీసుకుంటోంది. నాన్నకి ఫోన్ చేసి చెబితే ఆయనకి కాసేపు మాట రాలేదు. నాలుగు నెలల కిందట ఇలాంటి ఇంటర్వ్యూలోనే ఒక్క ఇంగ్లీషు మాట పట్టుకుని నా పరువు తీశారు. ఆ సంగతి ఈ సంతోషంలో మరిచిపోకముందే రాసేస్తున్నాను. ఈ దారిలో వచ్చే మన అమ్మాయిలు చాలామంది ఉన్నారు.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీఎస్సీ నర్సింగ్ తర్వాత గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్ళు చేశాను. ఇంగ్లండ్ వెళ్ళాలంటే ఓఈటీ అని, వైద్యరంగంలో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష ఒకటుంది. అందులో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లలో 350, రైటింగ్‌లో 300 రావాలి. మొదటిసారే వచ్చేశాయి, అది నేను గర్వంగానే చెప్పుకుంటాను. సీబీటీ, అంటే కంప్యూటర్ మీద రాసే నర్సింగ్ పరీక్ష, అది కూడా ఒక్కసారికే అయిపోయింది.

ఇంటర్వ్యూ దగ్గరే అంతా తిరగబడింది.

కోచింగ్ సెంటర్లో సార్ మాకు ఒక కాగితం ఇచ్చారు. ఇంటర్వ్యూలో వాడాల్సిన పెద్ద మాటలన్నీ అందులో ఉన్నాయి. అన్నిటికంటే పైన 'కమిట్'. పక్కన అర్థం 'కట్టుబడి ఉండటం' అని ఉంది, అంతే. ఉదాహరణ లేదు, ఎక్కడ వాడకూడదో లేదు. "వీలైనన్నిసార్లు వాడండమ్మా, ఇంప్రెషన్ బాగుంటుంది" అన్నారు. పాతికవేలు కట్టించుకుని ఆయన నేర్పింది ఇదీ.

వీడియోలో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకావిడ వార్డు మేనేజరు. మీ గురించి చెప్పండి అన్నారు. నేను ధైర్యంగా, "ఐ వాజ్ కమిటెడ్ టు ఎ హాస్పిటల్ ఇన్ గుంటూరు ఫర్ ఫోర్ ఇయర్స్" అన్నాను. నాలుగేళ్ళు ఒకే ఆసుపత్రికి కట్టుబడి నిజాయితీగా పనిచేశానని నా ఉద్దేశం. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడ గొంతు తగ్గించి, "ఇప్పుడు మీరు బాగున్నారా?" అని అడిగింది. మర్యాదకి అడుగుతోంది అనుకుని, బాగున్నాను మేడమ్, థాంక్యూ అన్నాను.

తర్వాత, మీ పనిలో జరిగిన ఒక పొరపాటు, దాని నుంచి నేర్చుకున్నది చెప్పండి అన్నారు. ఒకసారి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ గంట ఆలస్యంగా ఇచ్చాను. వెంటనే డాక్టరుగారికి చెప్పాను, కేస్ షీట్‌లో రాశాను. చెప్పుకోదగ్గ సంగతే. కానీ మొదలుపెట్టడమే "ఐ కమిటెడ్ ఎ మిస్టేక్ ఆన్ ఎ పేషెంట్" అని మొదలుపెట్టాను. ఆవిడ రాసుకోవడం ఆపేసి నా వైపే చూసింది. చివర్లో ఇంకోసారి, "ఐ యామ్ కమిటెడ్ టు ప్రొవైడ్ గుడ్ కేర్" అని ముగించాను. మూడు రోజులకి కాదని మెయిల్ వచ్చింది.

కాదంటే బాధ లేదు. మమ్మల్ని విదేశీ ఉద్యోగాలకి పంపే ఏజెన్సీ అతను ఇంటర్వ్యూ వింటూ కూర్చున్నాడు. అతనే మా వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ముప్పైమంది ఉన్న గ్రూపు. "ఒకమ్మాయి నన్ను నాలుగేళ్ళు మెంటల్ ఆసుపత్రిలో పెట్టారని చెప్పుకుని వచ్చింది, మీరు అలా చెయ్యకండి" అని. పేరు చెప్పలేదు, కానీ ఆ రోజు ఇంటర్వ్యూ ఉన్నది నా ఒక్కదానికే. నవ్వుతున్న బొమ్మలు వరసగా వచ్చాయి. నైట్ డ్యూటీలో మందుల ట్రాలీ దగ్గర నిలబడి విన్నాను. తప్పు మాట్లాడితే పక్కకి పిలిచి దిద్దాలి. పదిమందిలో పెట్టి నవ్వేవాడు ఎవరికీ ఏమీ నేర్పలేడు. ఏజెన్సీకి వెళ్ళేముందు అక్కడి మనుషులు ఎలాంటివాళ్ళో కనుక్కోండి, ఫీజు సంగతి తర్వాత.

విడమరిచి చెప్పింది మా ఐసీయూలో సీనియర్, కేరళ చేచీ (చేచీ అంటే మలయాళంలో అక్క). ఆమె అక్క ఇంగ్లండ్‌లో పద్నాలుగేళ్ళుగా నర్సు. ఇంగ్లీషులో ఒక మనిషిని ఆసుపత్రికి 'కమిట్' చేశారంటే, మతిస్థిమితం లేదని ఇష్టం లేకపోయినా చేర్చారని అర్థమట. జైలుకి పంపడానికీ అదే మాట. ఉద్యోగానికైతే 'ఐ వర్క్‌డ్ ఎట్' అంటే చాలు. పొరపాటుకి 'మేడ్' అనాలి. 'కమిట్' అంటే నేరం, పాపం లాంటి మాటల పక్కన వచ్చేది. పది ఆజ్ఞల్లో వ్యభిచారం గురించిన ఆజ్ఞకి ఇంగ్లీషులో ఉన్న క్రియ అదే. రోగి మీద అలాంటి పని చేశానని నా నోటితో నేనే చెప్పినట్టయింది. మన ఆఫీసుల్లో, పేపర్లలో అందరూ 'కమిటెడ్ ఎ మిస్టేక్' అనే అంటారు, అందుకే నా చెవికి అది తప్పనిపించలేదు.

ఇక్కడే ఇంకొకటి చెప్పాలి. మా ఎమర్జెన్సీకి పురుగుమందు తాగినవాళ్ళని ఎంతమందిని తెస్తారో గుంటూరు చుట్టుపక్కల పనిచేసిన ఏ నర్సుకైనా తెలుసు. వాళ్ళ గురించి 'కమిటెడ్ సూయిసైడ్' అని నేనూ రాశాను, బతికి మంచం మీద ఉన్నవాళ్ళకి కూడా. ఇంగ్లండ్‌లో 1961లోనే ఆత్మహత్య నేరం కాకుండా పోయింది. మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య చట్టం, అలా ప్రయత్నించినవాళ్ళు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది. 'డైడ్ బై సూయిసైడ్' అనండి, బతికితే 'అటెంప్టెడ్' అనండి. అప్పటికే చితికిపోయిన ఇంటివాళ్ళ ముందు నేరం చేసినవాళ్ళకి వాడే క్రియ మనమెందుకు వాడాలి?

చేచీ చెప్పినవన్నీ నోట్సులో రాసుకున్నాను గానీ, ఇన్ని అర్థాలు ఒకే మాటలో ఎలా ఇమిడాయో అంతుపట్టలేదు. గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిలో సిలువ మీద ఏడు మాటల ఆరాధన జరిగింది. ఏడో మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే. యేసు తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించుకుంటాడు. పక్కన చేచీ ఇంగ్లీషు బైబిలు తెరిచి ఉంది. చూస్తే ఆ చోట 'కమిట్' ఉంది. పాత కింగ్ జేమ్స్ బైబిల్లో 'కమెండ్' ఉంటుంది, కొత్తవాటిల్లో కొన్నిట్లో 'కమిట్'.

అప్పగించడం! నాకు కావలసిన తెలుగు మాట అదే. మనిషిని ఆసుపత్రికి అప్పగిస్తారు, జైలుకి అప్పగిస్తారు. సమాధి దగ్గర దేహాన్ని మట్టికి అప్పగిస్తారు. పాఠాన్ని కంఠస్థం చేయడం కూడా జ్ఞాపకానికి అప్పగించడమే. ఇంక 'ఐ యామ్ కమిటెడ్' అంటే నన్ను నేను ఆ పనికి అప్పగించుకున్నానని. పెళ్ళిలో అప్పగింతలప్పుడు అమ్మలు ఎందుకు ఏడుస్తారో తెలిసినవాళ్ళకి ఈ మాట బరువు చెప్పక్కర్లేదు. నేరం, పాపం పక్కన వచ్చే వాడుక ఒక్కటీ ఇందులో ఇమడదు, దాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాలి. మన కుర్రాళ్ళు ప్రేమలో పడితే 'కమిట్ అయ్యాను' అంటారు. సినిమావాళ్ళ మధ్య 'కమిట్‌మెంట్' అంటే ఆడపిల్లలు భయపడే అర్థం ఒకటుంది. అవి ఇంటర్వ్యూలో మనసులోకి రానివ్వకండి.

వ్యాకరణం ఒక్క ముక్క. 'కమిటెడ్ టు' తర్వాత క్రియ వస్తే దానికి 'ఇంగ్' ఉండాలి. 'టు ప్రొవైడ్' కాదు, 'టు ప్రొవైడింగ్'. రాసేటప్పుడు ఎం ఎప్పుడూ రెండే. ఐ తర్వాత టీ మాత్రం 'కమిటెడ్'లో రెండు, 'కమిట్‌మెంట్'లో ఒకటి.

పోయిన వారం రెండో ఇంటర్వ్యూ, వేరే ఏజెన్సీ ద్వారా. మొత్తం మీద ఆ మాట ఒక్కసారే వాడాను. "ఐ యామ్ కమిటెడ్ టు టెల్లింగ్ ద ట్రూత్ వెన్ ఐ మేక్ ఎ మిస్టేక్" అని ఇంజెక్షన్ సంగతి చెప్పాను. అవతలావిడ తలూపి రాసుకుంది.

ఆఫర్‌తో పాటు ఏజెన్సీ ఒక కాగితం పంపింది, సంతకం పెట్టి పంపమని. నాలుగో పేజీలో, అభ్యర్థి మూడేళ్ళు అక్కడే ఉండటానికి 'కమిట్స్' అని ఉంది. నాలుగు నెలల కిందటైతే మంచి మాటే కదా అని సంతకం పెట్టేసేదాన్ని. నిన్న రాత్రే మెయిల్ రాశాను, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఏ లెక్కన కట్టాలి, కాగితం మీద రాసివ్వండి అని. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా సంతకం పెట్టను.