పదకొండు మందికన్నా ముందు రిఫరీని ఎంచుకోవాలి

ప్రపంచ ఫుట్‌బాల్ చరిత్ర మొత్తం నుంచి ఒక సార్వకాలిక జట్టును ఎంపిక చేసే కాలక్షేపంలో నాకు ఎప్పటినుంచో ఒక అభ్యంతరం ఉంది. అభిమానులు పదకొండు పేర్లు రాస్తారు, కోచ్ పేరు రాస్తారు, రిజర్వు ఆటగాళ్లను కూడా వదలరు. కానీ ఆ మ్యాచ్‌లో ఈల ఎవరి చేతిలో ఉంటుందో, ఏ సంవత్సరపు నిబంధనల ప్రకారం ఆట సాగుతుందో ఒక్కరూ చెప్పరు. అదే మిత్రులు మరో గంటకు నిన్న రాత్రి మ్యాచ్‌లో ఇవ్వని పెనాల్టీ గురించి గొంతు చించుకుంటారు. ఈ రెండు వాదనలూ వేర్వేరని అందరూ అనుకుంటారు గానీ, నా దృష్టిలో రెండూ ఒకటే. ఒక ఆటగాడు ఎంత గొప్పవాడు కాగలిగాడన్నది, అతని కాలంలో రిఫరీలు ఎదుటివారిని ఎంతవరకు సహించారన్న దానిమీద చాలావరకు ఆధారపడి ఉంటుంది.

పీలేనే తీసుకుందాం. 1966 ప్రపంచ కప్‌లో బల్గేరియా డిఫెండర్లు ఆయన్ను ఎంతగా తన్నారంటే, హంగరీతో జరిగిన తర్వాతి మ్యాచ్‌కు ఆయన మైదానంలోకే రాలేకపోయారు. పోర్చుగల్‌తో ఆడినప్పుడు మొరాయిస్ అనే డిఫెండర్ ఒకే పరుగులో రెండుసార్లు కాలు అడ్డం పెట్టాడు. మొదటి దెబ్బకు తూలి, నిలదొక్కుకుని ముందుకు సాగబోతున్న పీలేను రెండో దెబ్బ పడగొట్టింది. మొరాయిస్‌ను బయటకు పంపలేదు. అప్పటికి పసుపు, ఎర్ర కార్డులు లేవు. ప్రపంచ కప్‌లో సబ్‌స్టిట్యూట్లను దింపే వీలు కూడా లేదు కాబట్టి, పీలే ఆ కాలితోనే కుంటుతూ మ్యాచ్ ముగిసేదాకా మైదానంలో ఉండిపోయారు. బ్రెజిల్ 3-1తో ఓడి ఇంటిదారి పట్టింది. కార్డుల ఆలోచన ఇంగ్లండ్‌కు చెందిన రిఫరీ కెన్ ఆస్టన్‌ది. అవి ప్రపంచ కప్‌లో మొదటిసారి కనిపించింది 1970లో. అదే ఏడాది పీలే మూడో కప్ గెలిచారు. ఆ బ్రెజిల్ జట్టు ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు, కానీ ఈ రెండు విషయాలూ ఒకే ఏట జరగడాన్ని పూర్తిగా యాదృచ్ఛికం అనుకోవడం నావల్ల కాదు.

మారడోనా కథ ఇంకా స్పష్టం. 1982 ప్రపంచ కప్‌లో భాగంగా బార్సిలోనాలో ఇటలీతో జరిగిన మ్యాచ్‌ను ఓపికగా చూసినవారికి ఇటలీ డిఫెండర్ క్లాడియో జెంటిలే ఏం చేశాడో తెలుస్తుంది. బంతి ఇంకా దారిలో ఉండగానే చొక్కా పట్టుకోవడం, బంతి అందగానే మడమ మీద తగలడం, మారడోనా పడిపోతే తనకేమీ తెలియనట్టు చేతులు పైకెత్తి నడిచిపోవడం. అన్నిటికీ కలిపి జెంటిలేకు దక్కింది ఒక్క పసుపు కార్డు. మరుసటి సంవత్సరం స్పానిష్ లీగ్‌లో ఆండోని గోయికోయెచియా వెనకనుంచి చేసిన టాకిల్‌తో మారడోనా చీలమండ విరిగింది. నెదర్లాండ్స్ ఫార్వర్డ్ మార్కో వాన్ బాస్టెన్ అయితే ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ పురస్కారాన్ని మూడుసార్లు గెలిచి కూడా, చీలమండ గాయాల వల్ల 28 ఏళ్ల వయసులోనే తన చివరి మ్యాచ్ ఆడేశాడు. వెనకనుంచి చేసే ప్రమాదకరమైన టాకిల్‌కు ఎర్ర కార్డు చూపాలని రిఫరీలకు గట్టిగా ఆదేశాలిచ్చింది 1998 ప్రపంచ కప్‌కు ముందు. మెస్సీ ముప్పై అయిదేళ్ల వయసులో కప్ ఎత్తగలగడానికి ఆయన ప్రతిభ, క్రమశిక్షణ ఎంత కారణమో, ఆయన కాళ్లను కాపాడిన ఆ ఈలలు కూడా అంతే కారణం. గణాంకాల పట్టిక పక్కన పెట్టుకుని మారడోనాకన్నా మెస్సీ గోల్స్ ఎక్కువ అని తేల్చేసేవారు ఈ సంగతి మరచిపోతారు.

ఇక రిఫరీలను విమర్శించడం గురించి. రిఫరీని ఏమీ అనకూడదని చెప్పే పెద్దమనుషుల పక్షాన నేను లేను. జీతం తీసుకుని పనిచేసే నిపుణుడి పనిని అంచనా వేసే హక్కు చూసేవారికి ఉంటుంది. అయితే విమర్శలో సరుకు ఉండాలంటే కనీసం ఒక ప్రశ్న అడగాలి: ఆ క్షణంలో ఆయన ఎక్కడ నిలబడ్డారు, అక్కడినుంచి ఆయనకు ఏం కనిపించి ఉంటుంది? 2010 ప్రపంచ కప్‌లో జర్మనీతో మ్యాచ్‌లో ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్ పెనాల్టీ ఏరియా అంచునుంచి లేపిన బంతి క్రాస్‌బార్‌కు తగిలి గీత దాటి చాలా లోపల పడింది. టీవీ ముందు కూర్చున్న ప్రతివారికీ అది గోల్ అని తెలిసింది, మైదానంలో తీర్పు చెప్పాల్సినవారికి మాత్రం తెలియలేదు. ఆఫ్‌సైడ్ (బంతి అందించే క్షణానికే దాడి చేసే ఆటగాడు డిఫెండర్లను దాటి ముందున్నాడా అన్నది) చూడాలి కాబట్టి లైన్స్‌మన్ చివరినుంచి రెండో డిఫెండర్‌కు సమానంగా నిలబడాలి; దూరంనుంచి షాట్ కొట్టినప్పుడు బంతికన్నా ముందు పరుగెత్తి గోల్ గీత దగ్గరకు చేరడం మనిషివల్ల అయ్యే పని కాదు. లోపం ఆ లైన్స్‌మన్ కంట్లోకన్నా ఆ ఏర్పాటులోనే ఎక్కువ. దాన్ని అలా గుర్తించారు కాబట్టే 2012లో, బంతి గీత దాటిందో లేదో యంత్రమే తేల్చే గోల్‌లైన్ టెక్నాలజీకి అనుమతి వచ్చింది, 2014 ప్రపంచ కప్‌లో వాడారు, ఆ తరహా గొడవ చాలావరకు సద్దుమణిగింది. విమర్శ సరైన చోట తగిలితే ఫలితం ఇలాగే ఉంటుంది.

1986 జూన్ 22నాటి అర్జెంటీనా, ఇంగ్లండ్ మ్యాచ్‌కు రిఫరీగా ఉన్న ట్యునీషియా దేశస్థుడు అలీ బెన్నాసర్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది మారడోనా చేత్తో కొట్టిన గోల్. ఆయన దాన్ని చూడలేకపోయారు; లైన్స్‌మన్ వైపు చూసి, అక్కడ జెండా లేవకపోవడంతో గోల్ ఇచ్చేశారు. అది ఘోరమైన తప్పు, సందేహం లేదు. కానీ నాలుగు నిమిషాల తర్వాత మారడోనా తన సగంనుంచి బంతి తీసుకుని బయలుదేరినప్పుడు ఇంగ్లండ్ డిఫెండర్లు ఆయన కాళ్ల కోసం ప్రయత్నించడం ఆ దృశ్యంలో కనిపిస్తుంది. ఈల ఊదడానికి తొందరపడే రిఫరీ అయి ఉంటే మధ్యలో ఎక్కడో ఒక ఫ్రీకిక్ వచ్చేది, శతాబ్దపు గోల్ అని పేరుపడినది పుట్టేది కాదు. బెన్నాసర్ ఆటను సాగనిచ్చారు. ఒకే మనిషి, ఒకే మ్యాచ్, నాలుగు నిమిషాల తేడా. మొదటి నిర్ణయాన్ని నలభై ఏళ్లుగా తిడుతున్నవారిలో రెండో నిర్ణయాన్ని మెచ్చుకున్నవారు నాకు పెద్దగా కనిపించలేదు. (ఆ మ్యాచ్ బంతిని ఆయన దాచుకున్నారు, 2022లో వేలం వేస్తే 20 లక్షల పౌండ్లు పలికింది. తిట్లకు పరిహారం అనుకోవాలేమో.)

వీఏఆర్ (వేరే గదిలో వీడియో చూసి రిఫరీకి సాయపడే ఏర్పాటు) వచ్చాక విమర్శలు తగ్గుతాయని ఆశించినవారికి 2023 సెప్టెంబర్ 30నాటి టోటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్ తగిన సమాధానం చెప్పింది. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ కొట్టిన గోల్‌కు మైదానంలో ఆఫ్‌సైడ్ జెండా లేచింది. వీడియో గదిలో ఉన్న అధికారి దృశ్యాన్ని పరిశీలించి డియాజ్ ఆన్‌సైడ్‌లోనే ఉన్నాడని సరిగ్గానే తేల్చారు. అయితే మైదానంలో గోల్ ఇచ్చారనుకుని, పరిశీలన పూర్తయిందని మాత్రం చెప్పారు. రిఫరీ తన ఆఫ్‌సైడ్ నిర్ణయమే సరైనదని అర్థం చేసుకుని ఫ్రీకిక్‌తో ఆట మొదలుపెట్టించారు. తర్వాత విడుదలైన ఆడియోలో, గదిలో ఉన్నవారికి కొద్ది క్షణాల్లోనే పొరపాటు తెలిసిపోవడం, ఆటను ఆపమని ఒకరు అనడం, ఇక ఏమీ చేయలేమని ఆ అధికారి జవాబివ్వడం వినిపిస్తాయి. ఆట తిరిగి మొదలయ్యాక వెనక్కి వెళ్లడానికి నిబంధనలు ఒప్పుకోవు. కంటికి పొరపాటు లేదు, పరికరానికి లోపం లేదు, ఇద్దరి మధ్య ఒక్క వాక్యం సరిగ్గా చేరలేదు. విమాన పైలట్లు కంట్రోల్ గదినుంచి విన్న ఆదేశాన్ని తిరిగి పలికి నిర్ధారించుకున్నట్టు ఇక్కడా చేసి ఉంటే సరిపోయేది. ఆ రోజు నిజంగా చేయదగిన విమర్శ ఇదే. కానీ ఎక్కువమంది చేసింది ఇది కాదు; ఎవరు ఎవరికి అమ్ముడుపోయారన్న చర్చ చేశారు.

ఈ అమ్ముడుపోవడం అన్న మాటను అంత తేలిగ్గా వాడడం నాకు నచ్చదు. నిజంగా అమ్ముడుపోయినవారు లేకపోలేదు. జర్మనీలో రాబర్ట్ హోయ్‌జర్ అనే రిఫరీ బెట్టింగ్ ముఠా కోసం మ్యాచ్‌లను తారుమారు చేసి 2005లో పట్టుబడ్డాడు, జైలుకు వెళ్లాడు. అతని మీద అనుమానం వచ్చి సమాఖ్యకు చెప్పింది తోటి రిఫరీలే అన్న విషయం గమనించాలి. అదే ఏడాది మరోవైపు, బార్సిలోనా, చెల్సీ మ్యాచ్ తర్వాత వచ్చిన బెదిరింపులతో స్వీడన్ రిఫరీ ఆండర్స్ ఫ్రిస్క్ తన కుటుంబ క్షేమం కోసం ఈల వదిలేశారు. ఆయన మీద రుజువైన నేరం ఏదీ లేదు. ఆధారం చేతిలో ఉన్నప్పుడు ఆరోపణ చేయాలి. మన జట్టు ఓడిపోయిందన్నది ఆధారం కిందకు రాదు.

ఇప్పుడు జట్టు సంగతి. 1998లో ప్రకటించిన ఇరవయ్యో శతాబ్దపు ప్రపంచ జట్టులో మధ్య వరుసలో క్రైఫ్, ప్లాటినీ, డి స్టెఫానో ఉన్నారు; ముందు గరించా, పీలే, మారడోనా. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పత్రిక 2020లో ప్రకటించిన బాలన్ డోర్ కలల జట్టులో వెనక ముగ్గురే. పేర్లు చదువుతుంటే కళ్లు చెదురుతాయి, కానీ బంతి పోతే తిరిగి తెచ్చేదెవరో మొదటి జట్టులో నాకు అర్థం కాదు. 2003లో రియల్ మాడ్రిడ్ డేవిడ్ బెకమ్‌ను తెచ్చుకుని, ఎదుటివారి నుంచి బంతి లాక్కోవడమే పనిగా ఆడే క్లాడ్ మకెలెలెను వదులుకుంది, ఆ తర్వాతి మూడు సీజన్లలో పెద్ద ట్రోఫీ ఒక్కటీ గెలవలేదు. అతను చేరిన చెల్సీ 2004-05 లీగ్ సీజన్ మొత్తంలో ఇచ్చింది 15 గోల్స్. అందువల్ల నా జట్టులో నేను మొదట రాసే పేరు మకెలెలె. ఈ ఒక్క మాటకు మా మిత్రబృందంలో సగం మంది నాతో మాట్లాడడం మానేస్తామని బెదిరించారు.

నా షరతు ఏమిటంటే మ్యాచ్ 1998 తర్వాతి నిబంధనల ప్రకారం జరగాలి. అప్పుడు ఎంపికలన్నీ మారిపోతాయి. 1992నుంచి సహచరుడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదు కాబట్టి, లెవ్ యాషిన్ మీద ఎంత గౌరవమున్నా కాళ్లతో ఆడగల మాన్యుయల్ నోయర్‌కే గ్లవ్స్ ఇస్తాను. కుడివైపు కఫూ, ఎడమవైపు మాల్దీనీ గురించి వాదించేవారు ఎప్పుడూ తక్కువే. ఇటలీ డిఫెండర్ ఫ్రాంకో బరేసీ చెయ్యెత్తి ఆఫ్‌సైడ్ అడగడం, లైన్స్‌మన్ జెండా లేవడం ఒకే క్షణంలో జరిగేవి. అయితే ఆటలో జోక్యం చేసుకోని ఆటగాడిని పట్టించుకోనక్కర్లేదన్న నేటి పద్ధతిలో ఆ ఆఫ్‌సైడ్ వల అంత గట్టిగా నిలుస్తుందని నేను అనుకోను. అందుకే మధ్యలో బెకెన్‌బావర్ పక్కన ఇంగ్లండ్ డిఫెండర్ బాబీ మూర్. 1970 ప్రపంచ కప్‌లో గ్వాదలహారాలో బ్రెజిల్ ఆటగాడు జెర్జీన్యో పూర్తి వేగంతో పెనాల్టీ ఏరియాలోకి దూసుకొస్తుంటే మూర్ తొందరపడకుండా వెనక్కి జరుగుతూ వేచి ఉండి, సరైన అడుగు దగ్గర కుడికాలు చాపి బంతిని మాత్రమే తీసుకున్నాడు. ఆ టాకిల్‌కు ఏ కాలపు రిఫరీ అయినా, ఎన్ని కెమెరాలు పెట్టుకున్నా, ఈల ఊదలేడు. మకెలెలె ముందు చావీ, మారడోనా. పై వరుసలో మెస్సీ, పీలే, వారి మధ్య, ఈ నిబంధనలు ఉంటే ముప్పై అయిదేళ్లదాకా ఆడగలిగి ఉండే వాన్ బాస్టెన్. క్రైఫ్‌కు చోటు లేకపోవడం అన్యాయమే, కానీ పన్నెండో చోటు నా దగ్గర లేదు.

రిఫరీగా నా ఎంపిక పియెర్‌లుయిజీ కొలీనా. 2002 ప్రపంచ కప్ ఫైనల్ నడిపిన ఈ ఇటలీ రిఫరీ మ్యాచ్‌కు ముందే రెండు జట్ల ఆటతీరునూ అధ్యయనం చేసేవారని పేరు. బంతి ఎటు వెళ్లబోతోందో తెలిసిన రిఫరీ చూడదగిన చోట ముందే ఉంటాడు. గోల్‌లైన్ టెక్నాలజీ ఉండాలి, వీడియో గది మాత్రం వద్దు. భుజం అంచును కొలిచేదాకా పీలే చేతులు కట్టుకుని నిలబడడం నేను చూడలేను. మా బృందంలో వయసులో పెద్దవారైన ఒకరు మాత్రం ఇజ్రాయెల్ రిఫరీ అబ్రహాం క్లైన్‌కు తప్ప ఎవరికీ ఒప్పుకోరు. మూర్ ఆ టాకిల్ చేసిన మ్యాచ్‌ను నడిపింది క్లైనే కాబట్టి నేను కాదనలేకపోయాను. వెంటనే ఇంకొకరు, 1982లో ఇటలీ, బ్రెజిల్ మ్యాచ్‌లో జికో చొక్కాను జెంటిలే చింపినా పెనాల్టీ ఇవ్వనిది ఈ క్లైన్ కాదా అని గుర్తుచేశారు. చివరకు ఈల కొలీనాకు, ఒక జెండా క్లైన్‌కు ఇచ్చి రాజీ పడ్డాం. 1982 ఫైనల్లో ఆయన నిజంగానే లైన్స్‌మన్‌గా ఉన్నారు. రెండో జెండాకు ఎవరో తోఫిక్ బహ్రామోవ్ పేరు తెచ్చారు. 1966 ఫైనల్లో జెఫ్ హర్స్ట్ కొట్టిన బంతి గీత దాటిందని చెప్పి ఇంగ్లండ్‌కు మూడో గోల్ ఇప్పించిన లైన్స్‌మన్ ఆయనే. జర్మనీ వీరాభిమాని అయిన మిత్రుడు వెంటనే ఆ పేరు కొట్టేయమన్నాడు, పనిలో పనిగా ఆ కప్ ఎత్తిన మూర్ పేరు కూడా కొట్టేసి బరేసీని రాయమన్నాడు.