పొదగని పెట్టలతో నా పాట్లు

మూడేళ్ల క్రితం గుడ్ల లెక్క ఒక్కటే చూసి తెల్ల లెగ్‌హార్న్ పెట్టలు తెచ్చాను. పెట్టడంలో వాటికి తిరుగులేదు. కానీ ఒక్కటీ పొదగడానికి కూర్చోలేదు! గుడ్డు పెట్టడం, అరుచుకుంటూ వెళ్లిపోవడం, అంతే. పొదిగే గుణం తగ్గించుకుంటూ పెంచిన జాతి అది. పెట్ట పొదిగే రోజుల్లో గుడ్లు ఆపేస్తుంది కదా, గుడ్ల వ్యాపారానికి అది నష్టం. నాకేమో పిల్లల్ని మళ్లీ మళ్లీ కొనే పని ఉండకూడదు.

హైబ్రిడ్ పెట్టలూ ప్రయత్నించాను. వాటి పిల్లలు తల్లిలా రావు. ఒకటి బాగా పెడితే ఇంకోటి అంతంతమాత్రం.

ఇప్పుడు గుడ్లకూ కూరకూ పనికొచ్చే ఆస్ట్రలార్ప్ జాతి పెట్టలు ఎనిమిది, పుంజు ఒకటి. వాటితో పాటు రెండు నాటు పెట్టలు. ఇవి పెట్టే గుడ్లు తక్కువే, కానీ గూట్లో కూర్చుంటే 21 రోజులూ కదలవు, మేతకు లేచే కాసేపు తప్ప. ఆస్ట్రలార్ప్ గుడ్లు పదో పన్నెండో వాటి కిందే పెడతాను. పిల్లలు ఎవరివో వాటికి పట్టదు. చేయి పెడితే మాత్రం నన్నే పొడుస్తాయి.

పొదిగిన వాటిలో సగానికి సగం పుంజులే వస్తాయి. వాటిని కూరకే ఉంచుతాను కాబట్టి కండ పట్టే జాతి కావాల్సి వచ్చింది. లెగ్‌హార్న్ పుంజు ఈకలు పీకాక ఏం మిగులుతుంది! ఇక రెండేళ్లకోసారి పుంజును బయట నుంచి మారుస్తాను, లేకపోతే తండ్రీ కూతుళ్లే జతకడతాయి.