అవే 37 వాట్లు, రెట్టింపు కోర్లు

నా పాత గేమింగ్ లాప్‌టాప్‌లో నిన్న ప్రాసెసర్ మార్చాను. చేతులు వణికాయి, నిజంగా. ఉన్నది ఐ5-4200ఎం, 2 కోర్లు (పని చేసే భాగాలు), 37 వాట్లు (అది పుట్టించే వేడి లెక్క). అందరూ ఐ7-4700ఎంక్యూ వేసెయ్యమన్నారు. కానీ అది 47 వాట్లది. నా దాంట్లో వేడిని బయటికి లాగే రాగి గొట్టం ఉన్నది ఒకటే, గ్రాఫిక్స్ చిప్ వేడి కూడా దాని మీదుగానే పోవాలి. ఆ అదనపు 10 వాట్ల వేడి ఎక్కడికి పోతుంది? 100 డిగ్రీల దగ్గరికొస్తే చిప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఆట నత్తనడకే.

అందుకే ఐ7-4702ఎంక్యూ కోసం వెతికాను. కోర్లు 4, వాట్లు మాత్రం అవే 37. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఓ కుర్రాడు పాత చిప్పుల డబ్బాలోంచి తీసిచ్చాడు. “అన్నా, ముందు బయోస్ అప్‌డేట్ చెయ్, తర్వాతే మార్చు” అని మరీమరీ చెప్పాడు. బయోస్ అంటే చిప్‌ను గుర్తుపట్టి లాప్‌టాప్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్. ఎంత మంచి మాట!

చిప్ మీదుండే హీట్‌సింక్ (వేడి లాగే లోహపు భాగం) విప్పితే, ఆ రెంటి మధ్య వేడిని దాటించే పాత పేస్ట్ ఎండిపోయి పొలుసుల్లా రాలింది. ఫ్యాన్ వెనక దుమ్ము దుప్పటిలా పేరుకుంది. సాకెట్ స్క్రూ తిప్పగానే చిప్ చేతికొచ్చేసింది. ఇప్పటి లాప్‌టాప్‌లలో దాదాపు అన్నిట్లోనూ దాన్ని బోర్డుకే సోల్డర్ చేసేస్తున్నారు, అది నాకు చాలా బాధ.

రాత్రి రెండు గంటలు ఆడాను. చిప్ వేడి 84 డిగ్రీలు దాటలేదు. తమ్ముడు పక్కనే కూర్చుని కీబోర్డు మీద చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాడు.